కావలి రూకలు, సైకిలు బిళ్ళలు

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతూ ఉంటే అడుగున ఒక రేకుబిళ్ళ దొరికింది. అంచులు తుప్పుపట్టి, అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. మా నాయన సైకిలుకు పన్ను కట్టినందుకు ఇచ్చిన బిళ్ళ అది. సైకిలు లేదు, బిళ్ళ ఉంది. దానికొక కథ ఉంది.

దొర్నిపాడు నుండి పని మీద పట్నానికి పోయిన నాయన, ఆ సాయంత్రం ఒక సినిమాహాలు స్టాండులో సైకిలు పెట్టి ఆటకు వెళ్ళినాడు. ఊరి పేరు, హాలు పేరు ఇక్కడ అనవసరం. ఆట విడిచి వచ్చేసరికి సైకిలు లేదు. చేతిలో స్టాండువాడిచ్చిన చీటీ ఉంది. స్టాండువాడు గోడ మీది రాత చూపించినాడు: సామాను పోయినచో మాకు బాధ్యత లేదు. ఠాణాలో నంబరు రాసిచ్చి పొమ్మన్నారు. బిళ్ళ మాత్రం నాయన జేబులోనే ఉంది, ఎందుకంటే పట్నంలో బిళ్ళలు ఊడబీకే దొంగలున్నారని విని, దాన్ని ముందే విప్పి జాగ్రత్త చేసుకున్నాడు! ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి ఆయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "పన్ను దీసుకున్నోళ్ళుండారు, చీటీ ఇచ్చినోళ్ళుండారు. పూచీ పడేటోడు ఒగడూ లేడు గదరా!"

ఆ మాటను పట్టుకుని వెనక్కి నడిస్తే మన సీమ చరిత్రలో చాలా దూరమే పోవలసి వస్తుంది. సొమ్ము కాచినందుకు కూలి తీసుకున్నవాడే, సొమ్ము పోతే నష్టం కట్టవలసిన కాలమొకటి ఇక్కడ ఉండేది.

ఈ భావం చాలా పాతది. దొంగిలింపబడిన సొమ్మును రాజు సొంతదారుకు తిరిగి ఇప్పించాలని ధర్మశాస్త్రాలు చెప్పినవి. దొంగ అడుగుజాడలు గ్రామం దాటిపోకపోతే ఆ గ్రామమే జవాబు చెప్పుకోవాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరి ఆధారంగా 13వ శతాబ్దంలో కేతన తెలుగులో 'విజ్ఞానేశ్వరీయము' రచించిన సంగతి చదువరులకు తెలిసినదే. జాడ ఎక్కడ ఆగితే అక్కడ పూచీ, అంతే. సూత్రం సులభమైనది. దానిని అమలు జరపడం సులభమని నేననడం లేదు.

మన ప్రాంతంలో ఈ సూత్రానికి నిలువెత్తు రూపం కావలి పద్ధతి. పాళెగాళ్ళు గ్రామాల నుండి కావలి రుసుము వసూలు చేసేవారు. వారి కింద కట్టుబడి బంట్రోతులు, ఊళ్ళలో తలారులు ఉండేవారు. తలారికి ఇనాము భూమి, కళ్ళంలో మేర దక్కేవి. ఎడ్లు పోయినా, ధాన్యం పోయినా కావలివాడు దొంగనైనా పట్టి తేవాలి, లేదా సొమ్ము విలువైనా కట్టాలి. నేటి మాటల్లో చెప్పాలంటే ప్రీమియమూ, పోలీసూ, క్లెయిమూ ఒకే మనిషి చేతిలో ఉండేవి.

ఇది విని ఎవరూ మురిసిపోనక్కరలేదు. కావలి రుసుము అనేకచోట్ల బెదిరించి గుంజే సొమ్ముగా మారింది. రుసుము ఇవ్వని ఊళ్ళో దొంగతనాలు చేయించేది ఆ కావలివారేనని కంపెనీ అధికారులు పదేపదే ఫిర్యాదు చేసినారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్లన్న సామెత ఊరికే పుట్టలేదు గదా. ఆ అధికారులకు పాళెగాళ్ళను తుడిచిపెట్టాలన్న సొంత అవసరం ఉందని కూడా మరువరాదు.

1800లో నిజాము ఈ మండలాలను కంపెనీకి ధారపోసినాడు. అందుకే వీటికి దత్తమండలాలన్న పేరు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి, పాళెగాళ్ళ సైన్యాలను రద్దుచేసి చాలామందిని పింఛనుదార్లను చేసినాడు. 1816 నాటి 11వ రెగ్యులేషనుతో ఊరి రెడ్డికీ తలారికీ పోలీసు పని మళ్ళీ అప్పగించినారు. ఆ తరువాత 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. కావలి కాసే పని సర్కారుదయింది. పోయిన సొమ్ముకు విలువ కట్టే పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. ఈ మార్పు గురించి మన చరిత్ర పుస్తకాలు ఎక్కువగా మాట్లాడవు.

దొర్నిపాడుకు ఇటు ఆళ్ళగడ్డ, అటు కోయిలకుంట్ల. ఉయ్యాలవాడ కూడా దగ్గరే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును మనం పింఛను కథగానో, స్వాతంత్ర్య కథగానో చెప్పుకుంటాం. ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడులు అనేకులు. కావలి కాసినందుకు తరతరాలుగా అనుభవించిన ఇనాములను, అనుభవదారు చనిపోగానే సర్కారు వెనక్కి తీసుకోవడం వారి కడుపుమంటకు కారణం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసినారు. ఆ ఉరికంబం నీడలో పాత కావలి వ్యవస్థ కూడా ఉన్నదని నాకనిపిస్తుంది.

ఇక సైకిలు. నేటి సైకిలుకు తల్లి వంటి రోవర్ సేఫ్టీ సైకిలు 1885లో ఇంగ్లండులో పుట్టింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మనకు చాలాకాలం సీమసైకిళ్ళే గతి. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైన తరువాత గాని పల్లెవాడికి సైకిలు అందలేదు. మా నల్లరేగడిలో వానాకాలం సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును భుజాన మోయాలి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కున్న బంకమన్ను గోకడానికి ఒక పుల్ల వెంట ఉండాల్సిందే. అయినా పాలు పోసేవాడికి, బట్టల మూట కట్టేవాడికి, పక్క ఊరి బడికి పోయే అయ్యవారికి అదే ఆస్తి. డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' 1948 నాటిది. దుప్పట్లు కుదువబెట్టి సైకిలు విడిపించుకున్న రోము కూలివాడి గోడు మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆస్తి కనబడగానే పన్ను వచ్చింది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం బండి అంటే స్ప్రింగులున్న చక్రాల వాహనమని నిర్వచించి, సైకిలును కూడా అందులో చేర్చింది. పన్ను కట్టినవాడికి బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేని సైకిలును బిళ్ళబంట్రోతులు దారికాచి పట్టుకునేవారు. లైటు లేకపోయినా, డబుల్స్ ఎక్కినా పోలీసువారు పట్టుకునేవారు. అయితే ఆ బిళ్ళ సైకిలు ఎవరిదో చెప్పేది కాదు, పన్ను కట్టినట్టు మాత్రమే చెప్పేది. హాలండులోనూ 1924 నుండి 1941 వరకు ఇటువంటి ఇత్తడి బిళ్ళలే ఉండేవి, అక్కడా వాటినే దొంగిలించేవారు! జపానువారు బిళ్ళను మరో పనికి వాడుకున్నారు. అక్కడ 1994 నుండి దొంగతనాల నివారణ కోసం ప్రతి సైకిలునూ సొంతదారు పేర నమోదు చేయించడం తప్పనిసరి. స్విట్జర్లాండులోనైతే సైకిలుకంటించే బిళ్ళలోనే బీమా ఉండేది, 2012తో అది ముగిసింది. అదైనా సైకిలు గుద్దినవారికి పరిహారమే గాని, పోయిన సైకిలుకు కాదు.

మనవాడికి మిగిలింది వెనుకచక్రపు తాళం, చైను కవరు మీద రాయించుకున్న పేరు, చట్రం మీద పోతపోసినట్టుండే నంబరు. ఊళ్ళో ఈ మూడూ అక్కరలేదు. గంట మోతను బట్టి, పెడలు కిర్రుమనే తీరును బట్టి ఫలానావాడి సైకిలని పిల్లలు కూడా చెబుతారు. ఊరు దాటితేనే భయం. అక్కడికి స్టాండు వచ్చింది.

స్టాండువాడు కొత్త కావలివాడు. రూకలు తీసుకుంటాడు, చీటీ ఇస్తాడు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, సాధారణ వివేకం గల మనిషి అటువంటి పరిస్థితుల్లో తన సొమ్మును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, పరుల సొమ్మును అప్పగింతగా పుచ్చుకున్నవాడు దాన్నీ అంత జాగ్రత్తగా చూడాలి. గోడ మీద రాసుకున్నంత మాత్రాన అలక్ష్యానికి క్షమాపణ దొరకదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలు నుండి పోయిన కారు వ్యాజ్యం. కారుకు బీమా ఉంది గనుక యునైటెడ్ ఇండియా కంపెనీ యజమానికి సొమ్ము చెల్లించి, ఆయన తరఫున హోటలు మీద పోరాడింది. మా నాయన తరఫున పోరాడే కంపెనీ ఏదీ లేదు. ఆయన చేతిలోనూ అటువంటి చీటీయే ఉన్నదని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

సైకిలుకు బీమా అసలే లేదనుకోవద్దు. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా జాతీయమై నాలుగు కంపెనీల చేతిలోకి వచ్చింది. వారి గృహస్థుల పాలసీలో నగలు, రేడియోల సరసన కాలితో తొక్కే సైకిలుకు కూడా ఒక విభాగం ఉండేది. ఎద్దులబండికీ, సైకిలు రిక్షాకూ విడి పాలసీలుండేవి. చిల్లర షరతులకు కొదవలేదు: డైనమో ఒక్కటే పోతే ఇవ్వరు, సైకిలుతో పాటు పోవాలి. కాని ఆ పాలసీ ఊరిదాకా రాలేదు. ఎందుకు రాలేదంటే, నాకు తోచిన కారణం ఒక్కటే. పల్లెలో బీమా అప్పు వెంట నడిచింది. 1980లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశమంతా వ్యాపించి బ్యాంకు అప్పుతో బర్రెలు వచ్చినప్పుడు, బర్రె చెవికి బిళ్ళ గుచ్చి బీమా చేసినారు. బర్రె చస్తే మొదట కాపాడబడేది బ్యాంకు సొమ్ము. ట్రాక్టరుకూ అంతే. సైకిలును మనిషి తన రొక్కంతో, వేరుశనక్కాయలమ్మిన డబ్బుతో కొనుక్కున్నాడు. దాని మీద ఎవరి బాకీ లేదు గనుక, ఎవరికీ బెంగ లేదు.

ఇప్పుడు మరో మెలిక పడింది. పాత శిక్షాస్మృతిలో దొంగిలించిన వస్తువు విలువ ఎంతైనా 379వ సెక్షను కింద పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 303వ సెక్షను ప్రకారం, ఐదువేల రూపాయలలోపు సొమ్మును మొదటిసారి దొంగిలించినవాడు దానిని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజసేవ మాత్రమే. ఇది దయగల మార్పే, నేను తప్పుపట్టను. కాని ఆ విలువలోపు దొంగతనాన్ని పోలీసులు మేజిస్ట్రేటు ఉత్తరువు లేకుండా దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదును పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరకు పంపుతారు. కొత్త సైకిలు ఐదువేలు దాటవచ్చు, కూలివాడి పాత సైకిలు దాటదు. బీమా ఉన్నా, దొంగతనం క్లెయిముకు కంపెనీలు అడిగేది పోలీసు కాగితమే.

నాయన ఆ తరువాత సెకండ్‌హాండులో మరో సైకిలు కొన్నాడు. దానికి కూడా బిళ్ళ కట్టించినాడు. పట్నం పోతే మాత్రం స్టాండులో పెట్టేవాడు కాదు. బజారులో తెలిసిన కుట్టుమిషను ఆయన దుకాణం ముందు నిలబెట్టి, "జూస్తా ఉండు మామా" అని చెప్పి పోయేవాడు. ఆయన డబ్బులు తీసుకునేవాడు కాదు. తిరిగొచ్చేటప్పుడు నాయన ఒక సోడా తాగించేవాడు.