న్యూట్రినోల భారము – సౌష్ఠవము

న్యూట్రినోయను సూక్ష్మకణమును పౌలీ పండితుడు 1930లో ఊహించెను. దానికి భారమే లేదని పెక్కుకాలము తలచిరి. 1998లో జపానునందు, భూగర్భమున 50,000 టన్నుల నీరు నిల్పిన సూపర్ కామియోకాండేలో, అది త్రోవలోనే జాతి మార్చుకొనుచున్నదని కనుగొనిరి. భారము లేనిచో ఈ మార్పు పొసగదు.

మఱి మూడు జాతుల భారములకు ఏర్పాటేమి? నాలుగు త్రికోణముఖములు గల ఘనమున్నది. దానిని ఉన్నదున్నట్లుంచుటతో గూడ 12 విధముల త్రిప్పినను రూపము మాఱదు. 2001లో ఎర్నెస్ట్ మా, మన దేశీయులగు జి. రాజశేఖరన్ గార్లు ఈ సౌష్ఠవమునే కణములకు అన్వయించి, మూడు భారములును దాదాపు సమానములు కావచ్చునని గణించిరి. ఛందస్సు చదివినవారికి ఇందలి యానందము తెలియును.

ఈ త్రోవను నడచిన పెక్కు గణితములు, జాతుల కలయికను తెల్పు మూడు కోణములలో నొకటి సున్నయనెను. 2012లో చైనాలోని దయా బే ప్రయోగమున అది సుమారు 9 డిగ్రీలని తేలెను. అయినను పండితులు సౌష్ఠవమును విడువలేదు. కొంత భంగమైనదని యెంచి సవరించుచునే యున్నారు.