దొంగముద్రాపకునకు హెచ్చరిక: స్వామ్యప్రకటన చరిత్ర

కావ్యచౌర్యము మన సాహిత్యమునకు క్రొత్త కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దార్థహరణ భేదములను వివరించెను. తెలుగుకవులు అవతారికలలో చేసిన కుకవినింద చోరకవికిని తగిలెడిది. అయితే నాడు దోషము ఇతరుల కవిత్వమును తనదనుటయే. ప్రతి వ్రాసికొనుట కాదు. తాళపత్రయుగమున ప్రతిలేఖనమే గ్రంథమునకు ప్రాణము.

అచ్చు వచ్చిన పిమ్మట ప్రతియే సొత్తయ్యెను. 1847 నాటి 20వ చట్టము క్రింద, గ్రంథము నమోదు కానిదే హక్కుదారు దావా వేయుటకు వీలులేదు. 1914 చట్టము ఈ నిర్బంధమును తొలగించెను. అయినను "సర్వస్వామ్యసంకలితము" అను మాట తెలుగుపుస్తకములను వీడలేదు. అది హక్కును పుట్టించునది కాదు. దొంగముద్రణకు పూనుకొనువానితో హక్కుదారు ముందుగా పలుకు పలుకు.

ఆ పలుకునకును హద్దు కలదు. 1957 చట్టపు 60వ సెక్షను ననుసరించి, ఆధారములేని బెదిరింపునకు గురియైనవాడు న్యాయస్థానము నాశ్రయించి, దానిని నిలిపివేయించి నష్టపరిహారము పొందవచ్చును. బెదిరించినవాడు తగిన శ్రద్ధతో దావా వేసి నడపినచో ఈ రక్షణ వర్తింపదు. అనగా హెచ్చరించువాడు తన హక్కును నిరూపించుటకు సిద్ధముగా నుండవలెను.

కావున గ్రంథపరిష్కర్తలు మూలపాఠముతోపాటు స్వామ్యప్రకటన గల పుటను గూడ పదిలపరుపవలెను. కవికిని, ప్రకాశకునకును, చోరునకును నడుమ సాగిన వ్యవహారమునకు అది ప్రత్యక్షసాక్ష్యము.