స్టార్ ట్రెక్: అటాక్ వింగ్

స్టార్ ట్రెక్ టీవీ సీరియళ్లలోని వ్యోమనౌకల చిన్న ప్లాస్టిక్ నమూనాలను బల్ల మీద నడుపుతూ యుద్ధం చేసే ఆట స్టార్ ట్రెక్: అటాక్ వింగ్. అమెరికాకు చెందిన విజ్‌కిడ్స్ సంస్థ దీన్ని 2013లో విడుదల చేసింది. రూపకర్తలు ఆండ్రూ పార్క్స్, క్రిస్టఫర్ గిల్డ్. ఓడలను కదిలించే పద్ధతిని స్టార్ వార్స్ ఆధారంగా 2012లో వచ్చిన ఎక్స్-వింగ్ ఆట నుంచి అనుమతితో తీసుకున్నారు. అయితే సీరియల్ చూసినవారికి ఈ ఆట దగ్గరయ్యేది ఆ కదలికల వల్ల కంటే, ఓడ కెప్టెన్ పడే సందిగ్ధాన్ని ఆటగాడి చేతిలో పెట్టడం వల్ల.

నేపథ్యం

జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన తొలి స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీలో మొదలైంది. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచి 1969లో ఆగిపోయింది. అసలు ఆదరణ దొరికింది ఆ తర్వాత, స్థానిక చానళ్లు పదే పదే పునఃప్రసారం చేసినప్పుడే. మన దగ్గర 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం చూసిన తరానికీ కెప్టెన్ కిర్క్, కోసు చెవుల స్పాక్ బాగా గుర్తు.

ఈ ఓడలతో యుద్ధ క్రీడలు కొత్తేమీ కాదు. 1979లో వచ్చిన స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్‌లో ఆటగాళ్లు ప్రతి వంతుకూ ఇంజన్ల శక్తిని కాగితం మీద లెక్కగట్టి ఆయుధాలకు, కవచాలకు పంచేవారు. ఒక్కో వంతులో 32 చిన్న అంచెలు ఉండేవి. అంత లోతైన ఆటకు ఒక్కోసారి రోజంతా పట్టేది. అటాక్ వింగ్ ఆ లెక్కల భారాన్ని పూర్తిగా దించేసింది.

ఆడే తీరు

మూడడుగుల చదరపు స్థలం చాలు. ప్రతి ఓడకూ ఒక డయల్ ఉంటుంది. ఎంత దూరం వెళ్లాలో, ఎటు తిరగాలో ఆటగాడు దాని మీద తిప్పి, ఎదుటివాళ్లకు కనబడకుండా బోర్లించి పెడతాడు. అందరూ పెట్టాకే ఒక్కొక్కటీ తెరుస్తారు. ఎదుటి ఓడ ఎటు వెళుతుందో ఊహించి వేసిన ఎత్తు ఫలించవచ్చు, లేదా రెండు ఓడలూ ఒకే చోటికి దూసుకొచ్చి అడ్డం పడవచ్చు. అప్పుడు వెనుక వచ్చిన ఓడ అవతలి దాన్ని తాకేంత దూరంలోనే నిలిచిపోతుంది, ఆ వంతులో చేయాల్సిన చర్యనూ కోల్పోతుంది.

ప్రతి కెప్టెన్‌కూ నైపుణ్యాన్ని సూచించే అంకె ఉంటుంది. అది తక్కువైన ఓడ ముందు కదలాలి, ఎక్కువైన ఓడ ముందు కాల్చాలి. అనుభవజ్ఞుడైన కెప్టెన్ అందరి కదలికలూ చూసి తన ఓడను నడిపి, మొదటి దెబ్బ తనే తీస్తాడన్నమాట. ఈ ఒక్క నియమంలోనే ఆట సగం రక్తి కడుతుంది.

కనిపించని ఓడ

1966 డిసెంబరు 15న ప్రసారమైన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ ఎపిసోడ్ రోములన్లు అనే శత్రు జాతిని ప్రేక్షకులకు తొలిసారి పరిచయం చేసింది. వాళ్ల ఓడ కంటికి కనబడదు, కానీ కాల్చాలంటే బయటపడక తప్పదు. జలాంతర్గామిని వెంటాడే యుద్ధ చిత్రం ‘ది ఎనిమీ బిలో’ దీనికి ప్రేరణ. కిర్క్, పేరు లేని రోములన్ సేనాని ఒకరి మనసు ఒకరు చదువుతూ గడిపే ఆ వేట, తొలి సీరియల్ మొత్తంలో అత్యుత్తమమైన వాటిలో ఒకటి.

అటాక్ వింగ్ ఆ ఉత్కంఠను పాచికల్లోకి తెచ్చింది. దాడి విలువ 4 ఉన్న ఓడ అతి దగ్గర నుంచి కాలిస్తే 5 ఎర్ర పాచికలు వేస్తుంది. ఎర్ర పాచిక ఎనిమిది ముఖాల్లో నాలుగు దెబ్బ తగిలేవి కాబట్టి సగటున రెండున్నర దెబ్బలు పడతాయి. రక్షణ విలువ 1 ఉన్న ఓడకు దక్కేది ఒకే ఆకుపచ్చ పాచిక, అందులోనూ తప్పించే ముఖాలు మూడే. అదే ఓడ కంటికి కనబడనివ్వని ముసుగులో ఉంటే మరో నాలుగు పాచికలు చేరతాయి, సగటున రెండుకు కాస్త తక్కువ దెబ్బల్ని తప్పించుకోవచ్చు. అయితే ముసుగులో ఉన్నంతసేపూ కవచాలు పనిచేయవు, తప్పించుకోలేని ప్రతి దెబ్బా నేరుగా ఓడ శరీరానికే. కాల్చిందా, ఆ రౌండు ముగిసేసరికి ముసుగు పోతుంది. దాక్కోవాలా, కొట్టాలా అన్నది ఆ రోములన్ సేనాని ఎదుర్కొన్న ప్రశ్నే.

కార్డులు, ఓడలు

తొలి పెట్టెలో మూడు ఓడలు వచ్చాయి: 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్-డి, క్లింగాన్ అనే మరో జాతి ఓడ ఒకటి, ఒక రోములన్ ఓడ. కిర్క్ నడిపిన పాత ఎంటర్‌ప్రైజ్ విడిగా దొరికేది. కెప్టెన్, సిబ్బంది, ఆయుధాలు కార్డుల రూపంలో ఉంటాయి, వాటన్నిటికీ పాయింట్ల ధర ఉంటుంది. ఒక పక్షం ఓడలో మరో పక్షం మనిషిని పెట్టుకోవచ్చు, కాకపోతే ఒక పాయింటు అదనంగా చెల్లించాలి. తరాల తేడా లేకుండా కిర్క్, ఎంటర్‌ప్రైజ్-డి కెప్టెన్ పికార్డ్ ఒకే దళంలో పోరాడగలగడం పాత అభిమానులకు పెద్ద సంబరం.

బొమ్మల విషయంలో మాత్రం సర్దుకుపోక తప్పదు. రంగు వేసే అమ్ముతారు గానీ ఆ పనితనం నాసిరకం. ఓడల పరిమాణాల్లో పొంతన లేదు: సీరియల్‌లో మహాకాయంగా ఉన్నదీ చిన్నదీ ఇక్కడ పక్కపక్కన దాదాపు సమానంగా కనిపిస్తాయి. ఓపికున్న ఆటగాళ్లు కుంచె పట్టి సొంతంగా రంగులు దిద్దుకుంటారు, ఆ దిద్దుబాటుతో ఓడల అందం ఎంతో మెరుగుపడుతుంది.

2021లో ఇదే పద్ధతి మీద స్టార్ ట్రెక్: అలయన్స్ వచ్చింది. ఇందులో ఆటగాళ్లంతా ఒకే పక్షం. శత్రువులైన డొమినియన్ సేనల ఓడలను ఎవరూ చేత్తో నడపరు, నియమాలే నడుపుతాయి. ఎదుట ఆడే మనిషి దొరకని చోట కూడా బల్ల మీద ఓడలు పరిచే వీలు దీనితో కలిగింది.