శిల్పకథలు

తాటాకు గ్రంథములు పండితుల ఇండ్ల అటకలపై నున్న కాలమున సామాన్యజనులు పురాణకథలను చెవితో వినిరి, కంటితో చూచిరి. విన్నది కథకుని నోట. చూచినది శిల్పి ఉలి పనియందు. ఈ రెండవదానికి సాక్ష్యము మన బొగ్గుగనుల సీమకు చేరువనే కలదు.

పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలమందలి ధూళికట్టలో శాతవాహనకాలపు బౌద్ధస్తూపము 1970 దశకపు త్రవ్వకములలో బయల్పడినది. అచ్చటి సున్నపురాతి పలకలలో నొకదానిపై పడగలు విప్పి చుట్టలు చుట్టుకొన్న నాగరాజు కలడు. అతడు ముచిలిందుడు. జ్ఞానోదయానంతరము బుద్ధుడు ధ్యానమం దుండగా ఏడు దినములు ఎడతెగని వాన కురిసెననియు, ఈ నాగరాజు తన మేనిని ఏడు చుట్లు చుట్టి, పడగలను గొడుగుగా పట్టెననియు బౌద్ధుల కథ. అయితే పలకపై బుద్ధుని రూపమే లేదు! ఆనాటి శిల్పులు ఆయనను పాదములుగనో, బోధివృక్షముగనో, రిక్తాసనముగనో సూచించెడివారు. కథ నెరిగినవాడే ఆ లోపమును తన మనస్సుతో పూరించుకొనవలెను. ఎరుగనివానికి అది వట్టి పాము. కావున చెప్పెడివాడొకడు ప్రక్కన నుండియుండునని తలచుట యుక్తము.

తరువాత అమరావతి శిల్పులు ఇంకను సాహసించిరి. దేవదత్తుని ప్రేరణచే రాజగృహ వీథిలో విడువబడిన నాళాగిరి యను మదగజము కథను ఒక్క గుండ్రని ఫలకమున చెక్కిరి. అందు ఒకవైపు ఏనుగు జనులను త్రొక్కుచు తొండమున ఒకని పట్టి విసరుచున్నది. స్త్రీలు గవాక్షములనుండి చూచుచున్నారు. రెండవవైపు ఏనుగు బుద్ధుని యెదుట మోకరిల్లినది. ఏనుగులు రెండా? కాదు, ఉన్నది ఒక్కటే, గడచిన క్షణములు రెండు. కాలమును రాతిలో చూపుట కింతకంటె సులువైన ఉపాయము మఱి దొరకదు. ఆ ఫలకము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమున కలదు.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్పగుడిలో క్షీరసాగరమథనము, త్రిపురసంహారము మండపపు దూలములపై నెక్కినవి. మెడ యెత్తి చూడవలెను. వెలుపల గుడి చుట్టును సాగు ఏనుగుల బారు మాత్రము అలంకారమే. కనబడిన శిల్పమునకెల్ల కథ కల్పించుట కొందఱికి వేడుక గాని, అది శిల్పికి అన్యాయము.

చేర్యాల నకాషీవారి పటములు ఈ విద్యకు వారసులు. పద్మశాలీలకు కులపురాణము చెప్పు కూనపులివారు పటము విప్పుచు, ఒక్కొక్క బొమ్మను చూపుచు కథ నడపుదురు. శిల్పము వద్ద చూపరి నడచును, పటము వద్ద బొమ్మ నడచును. కథకుడు లేనిదే రెండును మూగవే.

కథకుడు పోయినచోట రాతికి వచ్చిన గతి దారుణము. బసంత్‌నగర్‌లో సిమెంటునకు వాడిన రాయివలె అమరావతి రాయియు సున్నపురాయియే. 1797లో కాలిన్ మెకంజీ చూచిన ఆ దిబ్బను ఆయన 1816లో మరల చూచునప్పటికి ఎన్నో ఫలకములు అచ్చట లేవు. కొన్ని కట్టడములలో చేరెను. కొన్నింటిని సున్నమునకై కాల్చిరి. కాల్చినవారు దుష్టులు గారు. వారికి అది కథ యని చెప్పినవారు లేరు. ధూళికట్ట పలకలను మాత్రము మట్టిదిబ్బయే కాపాడినది.