పగడాల అక్వేరియంలో నైట్రేట్, ఫాస్ఫేట్‌ల చరిత్ర

పగడపు దిబ్బల జీవులను గాజు తొట్టిలో బతికించే విద్య చరిత్ర చాలావరకు నైట్రేట్, ఫాస్ఫేట్ అనే రెండు లవణాలను అదుపు చేయడానికి సాగిన ప్రయత్నాల చరిత్రే. చేపల విసర్జనల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ మేతలోనే ఉన్న భాస్వరం ఫాస్ఫేట్‌గా నీటిలో చేరుతుంది. విశాల సముద్రంలో దిబ్బల చుట్టూ ఈ రెండూ అత్యల్పంగా ఉంటాయి. కొన్ని వందల లీటర్ల తొట్టిలోనైతే బయటికి పోయే దారి లేక పేరుకుంటాయి, వాటిని తిని పెరిగిన పాచి పగడాలను కమ్మేస్తుంది.

ఇంట్లో సముద్ర జీవులను పెంచిన తొలితరం వారిలో లండన్‌కు చెందిన అన్నా థిన్ ఒకరు. 1846లో ఆమె టార్కీ తీరం నుంచి రాతి పగడాలను తెచ్చి, నీటిలో గాలి కలిసేందుకు తెరిచిన కిటికీ దగ్గర ఆ నీటిని పనిమనిషి చేత ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి చాలాసేపు పోయించేవారు. మరుసటి ఏడాది సముద్రపు నాచును కూడా తొట్టిలో చేర్చారు. చేప విడిచినది మొక్కకు, మొక్క విడిచినది చేపకు ఉపయోగపడితే నీరు చెడిపోదన్న సూత్రాన్ని 1850లో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ప్రకటించారు. అయితే థిన్ పెంచినవి చల్లని నీటి పగడాలు. ఎండనూ వెచ్చదనాన్నీ కోరే ఉష్ణమండల పగడాలు తొట్టిలో నిలదొక్కుకోవడానికి మరో శతాబ్దం పట్టింది.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించిన పద్ధతి ఆశ్చర్యకరమైనంత సరళమైనది: సముద్రపు నీరు, సన్నని గాలి బుడగలు, దిబ్బ నుంచి జీవులతో సహా తెచ్చిన రాళ్లు. ఈ రాళ్లకే తరువాత లైవ్ రాక్ అని పేరు వచ్చింది. రాతి పైపొరల్లోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను తయారు చేస్తుంటే, ప్రాణవాయువు అందని లోపలి రంధ్రాల్లోని సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా విడగొట్టి గాలిలోకి పంపుతాయి.

జర్మనీలో మరో దారి ఏర్పడింది. అక్కడ ప్రాచుర్యం పొందిన ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరంలో నీటి గుండా అతి సన్నని బుడగలు పైకి లేస్తాయి, కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు వాటి అంచులకు అంటుకుంటాయి, నురుగు పైనున్న గిన్నెలోకి పొంగి దుర్వాసనతో కూడిన ముదురు గోధుమ రంగు ద్రవంగా మిగులుతుంది. అంటే వ్యర్థం నైట్రేట్‌గా మారకముందే నీటిని వదిలిపోతుంది. పీటర్ విల్కెన్స్ 1970లలో సున్నపు తేటను వాడి పగడాలకు కాల్షియం అందించారు. ఆ తేట కొంత ఫాస్ఫేట్‌ను కూడా అవక్షేపంగా దించుతుంది. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో వ్యాపించిన, నీటిని ధారగా వడపోత పదార్థం మీదుగా జార్చే తొట్లు అమ్మోనియాను చక్కగా తొలగించినా, నైట్రేట్‌ను మాత్రం పోగుచేశాయి. 1989లో జాన్ జోబేర్ ఇసుక పొర కింద నిశ్చలమైన నీటి ఖాళీని వదిలి, నైట్రేట్‌ను తొట్టిలోనే విడగొట్టే ఏర్పాటును వివరించారు.

ఫాస్ఫేట్ మరింత మొండిది, ఎందుకంటే దానికి వాయురూపంలో తప్పించుకునే దారి లేదు. అది కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల పెరుగుదలను అడ్డుకుంటుందని 1964లో సిమ్‌కిస్ అనే జీవశాస్త్రజ్ఞుడు చూపడంతో, పగడపు అస్థిపంజరానికే అది శత్రువన్న భావన స్థిరపడింది. తాగునీటిలోని ఆర్సెనిక్‌ను తొలగించేందుకు రూపొందిన ఇనుప హైడ్రాక్సైడ్ గుళికలు ఫాస్ఫేట్‌ను పీల్చడానికి తొట్లలోకి వచ్చాయి. 2000 తరువాత కొందరు వోడ్కాను చుక్కలుగా పోసి, ఆ కార్బన్‌తో సూక్ష్మజీవులను పెంచి, అవి పీల్చుకున్న నైట్రేట్, ఫాస్ఫేట్‌లను స్కిమ్మర్‌తో బయటికి తీశారు. ఈ సాధనాలు అతిగా పనిచేసిన చోట రెండు లవణాలూ పరీక్షకు అందనంత తగ్గి, పగడాలు పాలిపోయాయి; కొన్ని తొట్లను డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవుల గోధుమ రంగు జిగురు కప్పేసింది.

కారణం పగడం శరీరంలోనే ఉంది. దాని కణాల్లో నివసించే సూక్ష్మ శైవలాలకు నత్రజని, భాస్వరం రెండూ ఆహారమే. నైట్రేట్ ఎక్కువై ఫాస్ఫేట్ కరువైతే ఆ శైవలాలు భాస్వరం లోపంతో నీరసించి, వేడికీ వెలుతురుకూ తట్టుకోలేవని, పగడం తెల్లబారిపోతుందని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోర్గ్ వీడెన్‌మాన్ బృందం 2013లో చూపింది. తొట్టి యజమానులు ఈ రెండింటి సమతూకానికి కొలబద్దగా ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్ర ప్లవకాల్లో గుర్తించిన నిష్పత్తిని ఆశ్రయించారు: భాస్వరం పరమాణువు ఒకటికి నత్రజని పరమాణువులు పదహారు. ప్లవకాల సగటును తొట్టికి శాసనంగా మార్చడం తొందరపాటే. ఏ లవణమూ సున్నాకు పడిపోకుండా, రెండింటి మట్టం నిలకడగా ఉండేలా చూడటమే ముఖ్యం. లీటరుకు నైట్రేట్ 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాము ఉండాలన్నది నేడు పెంపకందారుల్లో చాలామంది పాటించే పరిధి.

గాజు తొట్టిలో తెలిసిన ఈ అసమతూకం తీర సముద్రాలకూ వర్తిస్తుంది: పొలాల ఎరువులు, మురుగు మోసుకొచ్చే నత్రజనికి తగినంత భాస్వరం లేని చోట పగడాలు అదే లోపానికి గురవుతాయి. ఇక తొట్టిలో పెంచేందుకు పగడాలను తెచ్చుకోవడం విషయానికొస్తే, భారతదేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి; లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్ దిబ్బల నుంచి వాటిని సేకరించడం, అమ్మడం నేరం.