హెచ్-5 అనే ఊరు

జోర్డాను పటంలో, ఎడారి నడుమ, సఫావీ అనే చిన్న ఊరుంది. దాని పాత పేరు హెచ్-5. ఊరికి అంకె పేరేమిటని ఆశ్చర్యపడి తవ్వుకుంటూ పోతే, ఒక దేశపు ఇంధన చరిత్ర నాకు దొరికింది.

హెచ్ అంటే హైఫా. ఇరాకులోని కిర్కూకు దగ్గర 1927లో చమురు పడింది. దాన్ని మధ్యధరా తీరాన ఉన్న హైఫా రేవుకు చేర్చే గొట్టపుమార్గం 1934లో పనిలోకి వచ్చింది. ఆ దారిలోని పంపింగు కేంద్రాలలో ఒకటి ఈ ఊరు. 1948లో అరబ్బులకూ ఇజ్రాయెలుకూ యుద్ధం రాగానే ఇరాకు చమురు ఆపివేసింది. ఆ గొట్టం మళ్ళీ తడవలేదు.

జోర్డానుకు సొంత చమురు దాదాపు లేదు. సౌదీ అరేబియా నుంచి లెబనానుకు పోయే టాప్‌లైను తన నేల మీదుగానే వెళ్ళింది కనుక, జర్కాలోని చమురుశుద్ధి కర్మాగారం చాలాకాలం దాని మీదే బతికింది. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు జోర్డాను ఇరాకుకు ఎదురు నిలవలేదు. అలిగిన సౌదీ చమురు కట్టివేసింది. ఇక ఇరాకే దిక్కయింది. ట్యాంకరు లారీలలో, కొంత ఉచితంగా, కొంత చవకగా వచ్చిన ఆ చమురు కూడా 2003లో అమెరికా దండయాత్రతో ఆగిపోయింది.

అదే ఏడు ఈజిప్టు గ్యాసు అకబాకు చేరింది. క్రమంగా విద్యుత్తులో అధికభాగం దాని మీదే ఆధారపడింది. 2011 నుంచి సైనాయిలో సాయుధులు ఆ గొట్టాన్ని పదే పదే పేల్చివేశారు. గ్యాసుకు బదులు ఖరీదైన డీజిలు కాల్చి దీపాలు వెలిగించిన విద్యుత్ సంస్థ అప్పుల్లో మునిగింది. 2012 నవంబరులో ప్రభుత్వం ఇంధన రాయితీలు ఎత్తివేయగా, వంటగ్యాసు బండ 6.5 దినార్ల నుంచి 10కి పెరిగింది. జనం వీధుల్లోకి వచ్చారు. సైనాయిలో పేలిన బాంబు అమ్మాను వంటింట్లో వినిపించిందన్నమాట.

2020 జనవరిలో కొత్త గ్యాసు వచ్చింది, ఈసారి హైఫాకు పడమరన సముద్రంలో ఉన్న ఇజ్రాయెలు క్షేత్రం లెవియాథన్ నుంచి. శత్రువు గ్యాసు మాకు వద్దని ప్రజలు ఊరేగింపులు తీశారు. 2025 జూనులో ఇజ్రాయెలుకూ ఇరానుకూ యుద్ధం రాగానే ఆ క్షేత్రాన్నీ కొన్నాళ్ళు మూసివేశారు.

ఐదు తగాదాలు, ఐదు సార్లు ఆగిన ఇంధనం. సరఫరాదారును మార్చితే గండం గడుస్తుందని మనం అనుకుంటాం. జోర్డాను మార్చిన ప్రతిసారీ మారింది తగాదా మాత్రమే. కొంతైనా నిలకడనిచ్చినవి రెండు: ఏ దేశం నుంచైనా ద్రవీకృత గ్యాసు ఓడలో తెచ్చుకునేందుకు 2015లో అకబాలో తెరిచిన రేవు, ఇప్పుడు కరెంటులో పావు వంతుకు పైగా ఇస్తున్న ఎండా, గాలీ.

పొరుగింటి నిప్పుతో పొయ్యి వెలిగించుకునేవాడికి, పొరుగిల్లు అంటుకుంటే ముందు ఆరేది తన పొయ్యే. సఫావీ పాత పేరు నాకు చెప్పింది ఇదే.