గోదావరి గడపలో తుపాకి: ఆయుధ లైసెన్సు చరిత్ర

గోదావరి డెల్టాలో తుపాకి ఏనాడూ కేవలం ఇంటి సామానుగా ఉండలేదు. ఒక గృహస్థు తన అరుగు మీదనో, తన చేను గట్టు మీదనో నలుగురికీ కనబడేలా ఆయుధం పట్టుకొని తిరగవచ్చునా అన్న ప్రశ్నకు ఈ సీమలో కాలాన్ని బట్టి సమాధానం మారుతూ వచ్చింది. దానితోపాటు ఇరుగుపొరుగువారి స్పందన కూడా మారింది. ఒకప్పుడు అణకువగా, తరువాత అవమానభారంగా ఉన్న ఆ స్పందన చివరకు చట్టం లెక్కలోకి తీసుకునే ఒక అంశంగా రూపుదిద్దుకుంది. ఈ పరిణామమే ఇక్కడి ఆయుధ చరిత్రకు అసలైన సారాంశం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర సర్కారులుగా పిలిచిన కోస్తా జిల్లాల్లో పెద్దాపురం, పిఠాపురం, మొగల్తూరు, పోలవరం వంటి జమీందారీలు సొంత సాయుధ బలగాలను పోషించేవి. జీతానికి బదులు భూమిని అనుభవిస్తూ, పిలిచినప్పుడు ఆయుధాలతో హాజరు కావలసిన బంట్లను కట్టుబడివారు అనేవారు. జమీందారు నివాసమూ కచేరీ కలిసి ఉండే దివాణం వాకిట ఆయుధధారులు నిలబడి ఉండటం పాలన ఎవరిదో ఊరికి తెలియజేసే గుర్తు. దసరాకు ఆయుధపూజ పేరిట కత్తులను, తుపాకులను బయటపెట్టి అర్చించడం భక్తికి మాత్రమే కాక అధికారానికి కూడా ఏటేటా జరిగే ప్రదర్శన. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద, విజయనగరం ప్రభువు ఆనంద గజపతి తోడ్పాటుతో, కర్నల్ ఫోర్డు నడిపిన ఇంగ్లీషు సేన ఫ్రెంచివారిని ఓడించిన తరువాత ఈ ప్రదర్శనకు రోజులు దగ్గరపడ్డాయి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినప్పుడు జమీందారుకు భూమిపై హక్కు, కంపెనీకి చెల్లించవలసిన పేష్కషు మిగిలాయి. శాంతిభద్రతల బాధ్యత మాత్రం కంపెనీ చేతికి పోయింది. వాకిట నిలిచిన బంటు ఆనాటి నుంచి పాలనకు కాక పరువుకు గుర్తు అయ్యాడు.

1857 తిరుగుబాటు పాలకుల దృష్టిని మరింత కఠినం చేసింది. గోదావరి తీరాన కోరుటూరుకు చెందిన కారుకొండ సుబ్బారెడ్డి తిరగబడి, 1858లో బుట్టాయగూడెంలో ఉరికంబమెక్కాడు. దేశమంతటా ఆయుధాలను అదుపు చేసేందుకు 1860లో ఒక చట్టం, లిట్టన్ రాజప్రతినిధిగా ఉన్న 1878లో మరింత విస్తృతమైన ఆయుధ చట్టం వచ్చాయి. ఈ రెండో చట్టం ప్రకారం తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు, అంటే ప్రభుత్వం ఇచ్చే రాతపూర్వకమైన అనుమతి, తప్పనిసరి అయింది. లైసెన్సు లేకుండా ఆయుధం ధరించి తిరిగే వ్యక్తి దగ్గరి నుంచి దానిని లాక్కునే అధికారం మేజిస్ట్రేటుకు, పోలీసుకు దక్కింది. చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, తాటి, జీలుగు కల్లుపై పన్నుతోను, ఆ ప్రాంతానికి జమీందారు వంటివాడైన మన్సబుదారు దోపిడితోను, పోలీసుల దౌర్జన్యంతోను విసిగిన రంప ప్రాంతపు కొండవాసులు ముఠాదారుల నాయకత్వంలో తిరగబడ్డారు. ముఠాదారు అంటే కొన్ని కొండ గ్రామాల సముదాయానికి పెత్తందారు. కాగితంపై చట్టం చేసినంత మాత్రాన కొండల్లో ఆయుధం మాయం కాలేదని ఆ పితూరీ రుజువు చేసింది.

అయితే డెల్టా పల్లెల్లోను, పట్టణాల్లోను 1878 చట్టం మిగిల్చిన గాయం వేరు. ఆ చట్టం అందరినీ ఒకే తీరుగా కట్టడి చేయలేదు. ఐరోపావారికి, ఉన్నతాధికారులకు, కొందరు జమీందారులకు, బిరుదులు పొందినవారికి అది మినహాయింపు ఇచ్చింది. కాకినాడ రేవులో వర్తకం చేసే ఒక ఐరోపా వ్యాపారి తన బంగళా ఆవరణలో అనుమతి అక్కర లేకుండా రివాల్వరు ఉంచుకోవచ్చు. పక్క వీధిలోని భారతీయ వకీలు మాత్రం అదే ఆయుధం కోసం జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువల కింద వరి పండి, డబ్బూ చదువూ పెరిగిన సమాజంలో ఈ భేదం మరింతగా నొప్పించింది. పొరుగింటి దొర నడుముకున్న పిస్తోలు తనపై లేని నమ్మకం ప్రభుత్వానికి అతనిపై ఉందని భారతీయుడికి ప్రతిరోజూ గుర్తుచేసేది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆయుధ చట్టంపై తీర్మానం చేయడం వెనుక ఉన్నది తుపాకులపై మోజు కాదు, సమాన పౌరులుగా గుర్తింపు కోసం తపన. జాతిని బట్టి ఇచ్చే మినహాయింపులు మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత గానీ తొలగలేదు.

ఆయుధాలపై ప్రభుత్వ అదుపుకు పెద్ద సవాలు మాత్రం కొండ ప్రాంతమైన మన్యంలో లేచింది. పశ్చిమ గోదావరిలోని మోగల్లుతో కుటుంబ సంబంధం గల అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయాడు. 1924 మేలో ఆయనను కాల్చిచంపడంతో ఆ పోరాటం చల్లారింది. చట్టం ప్రజల చేతి నుంచి తీసేసిన ఆయుధాలు పోలీసు స్టేషన్లలోనే పోగుపడ్డాయి గనుక, తిరుగుబాటుకు తొలి గురి ఆ స్టేషన్లే అయ్యాయి.

1931లో కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధాలు కలిగి ఉండే హక్కును కూడా పేర్కొంది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో సభ్యుడు హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని కోరినప్పుడు అంబేద్కర్ అంగీకరించలేదు, సభ దానిని తోసిపుచ్చింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేయడంతో దివాణాల పెత్తనం కూడా అంతరించింది. 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చి, ఇంటి లోపలైనా వెలుపలైనా తుపాకికి లైసెన్సు అవసరమన్న సూత్రాన్ని నిలబెట్టింది. లైసెన్సు ఇచ్చే ముందు స్థానిక పోలీసు స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకోవాలి. ప్రజల ప్రశాంతతకు భంగమని తోస్తే నిరాకరించవచ్చు. పంటను అడవి పందుల నుంచి కాపాడుకునే రైతు మందు కూరి పేల్చే తుపాకి కోసం అడిగితే చట్టం కొంత ఉదారంగా చూస్తుంది. పిస్తోలు, రివాల్వరు కోరేవారు మాత్రం తగిన కారణం చూపి లైసెన్సు అధికారిని ఒప్పించాలి. 2016 నియమాలు బహిరంగ స్థలంలో తుపాకిని ఒరలోనో సంచిలోనో ఉంచి తీసుకువెళ్లాలని, ఝళిపించరాదని శాసించాయి. 2019 సవరణ ఒక వ్యక్తికి గరిష్ఠంగా 3 తుపాకులుగా ఉన్న పరిమితిని 2కు తగ్గించి, వేడుకల్లో ప్రాణాలకు ముప్పు తెచ్చేలా జరిపే కాల్పులను శిక్షార్హం చేసింది. ఎన్నికలు వస్తే లైసెన్సుదారులు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించవలసి రావడం గోదావరి జిల్లాల్లోనూ పరిపాటి.

అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇందుకు భిన్నమైన వ్యవస్థ ఎదురవుతుంది. అక్కడ సొంత ఆవరణలో పిస్తోలు ధరించడానికి లైసెన్సు అక్కరలేదు. 2016 జనవరి నుంచి లైసెన్సుదారులు, 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దలు లైసెన్సు లేకుండానే, దానిని ఒరలో ఉంచి బహిరంగంగా ధరించవచ్చు. అయినా బహిరంగ స్థలంలో ఇతరులు బెదిరిపోయేలా కావాలని తుపాకి చూపడం అక్కడ కూడా నేరమే. ఆయుధ స్వేచ్ఛకు పేరుపడిన చోట సైతం ఎదుటివారి భయాన్ని చట్టం పూర్తిగా విస్మరించలేకపోయింది.

గోదావరి సీమ చరిత్ర నేర్పే పాఠం దీనికి మరింత స్పష్టత ఇస్తుంది. 1878 చట్టంలోని దోషం ఆయుధాన్ని అదుపు చేయడంలో లేదు, ఆ అదుపును కొందరికి మాత్రమే వర్తింపజేయడంలో ఉంది. ఆ దోషాన్ని సరిదిద్దడానికి స్వతంత్ర భారతం ప్రతి అరుగు మీదికీ తుపాకి రావాలనే మార్గాన్ని కాక, ఏ అరుగు మీదా అది పొరుగువారిని లొంగదీసే సాధనం కారాదనే మార్గాన్ని ఎంచుకుంది. ఇంటి సరిహద్దు లోపల అంతా తన హక్కే అనుకునే గృహస్థుకు ఆ సరిహద్దు అవతల నివసించేవారి నిశ్చింత కూడా హక్కేనని ఈ ఎంపిక చెబుతుంది. జమీందారీ బలగాలను, జాతి భేదాన్ని, మన్యపు నెత్తుటి పోరును చూసిన ఈ నేలకు ఆ ఎంపిక విలువైనది, కాపాడుకోదగినది.